గాలి అడిగే కూలి – మానవశక్తి హెలికాప్టరు చరిత్ర

మన పాఠశాల డెబ్బది అయిదు వసంతాలు పూర్తి చేసికొన్న ఈ శుభ సందర్భంలో వెలువడుతున్న సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయవలసి వచ్చినపుడు, రాజుల వంశావళిని మరొకమారు చెప్పుకొనడం కంటె, మనిషి కండబలం చరిత్రను చెప్పుకొనడం ఉచితమనిపించింది. ఏలయనగా ఈ తమిళ దేశంలో మన పూర్వీకుల నివాసాలు నిలిచింది ప్రధానంగా ఆ బలం మీదనే. ఆ బలానికి ఉన్న హద్దు ఎక్కడ అనే ప్రశ్నకు ప్రపంచంలో దొరికిన అతి చిత్రమైన సమాధానం ఒకటి ఉన్నది. అది మనిషి తన కాళ్ళతో తొక్కి తాను నిలువునా గాలిలోకి లేవాలని గీసిన హెలికాప్టరు నమూనా. ఎందుకూ కొరగానిదని పెద్దలు తీసివేసిన ఆ ఊహ మన విద్యార్థులకు ఏమి నేర్పగలదో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేల మోసినది, నీరు మోసినది

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలనను చేపట్టిన నాటినుండి తెలుగువారి వలసలు దక్షిణానికి విస్తరించాయి. డెబ్బది రెండు పాళెయాల ఏర్పాటు ఆయన కాలంనాటిదిగా ప్రసిద్ధం. సైనికులతోపాటు రైతులు, నేతగాండ్రు, వర్తకులు తరలివచ్చారు. మదురై నాయకుల కొలువులో తెలుగు వచన రచన ప్రత్యేకంగా వర్ధిల్లిందన్న విషయం సాహిత్య చరిత్ర చదివినవారికి తెలిసినదే. కోయంబత్తూరు ప్రాంతానికి చేరినవారు నల్లరేగడిలో ప్రత్తి పండించారు. అక్కడ వాన తక్కువ, బావి లోతు ఎక్కువ. అందుచేత బ్రతుకంతా నీటిని పైకి తోడడంలోనే గడిచింది. ఎద్దులున్నవారు కపిల కట్టారు. లేనివారు ఏతం త్రొక్కారు.

ఏతాన్ని నేటి పిల్లలు చూచి ఉండరు గనుక నాలుగు మాటలు చెప్పాలి. నిలువు గుంజపై ఊగే పొడవైన దూలానికి ఒక కొనన బాన వేలాడుతుంది. దూలంపై మనిషి ముందుకు వెనుకకు నడుస్తాడు. అతడు బావి వైపు నడిస్తే బాన దిగి నీటిలో మునుగుతుంది, వెనుకకు నడిస్తే అతని బరువుకు దూలం వాలి బాన పైకి వస్తుంది. మనిషి తన దేహాన్ని ఎత్తుకొని, ఆ ఎత్తు నుండి దిగడం ద్వారా నీటిని పైకి తెచ్చే యంత్రమిది. చిన్న లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి నిమిషానికి నాలుగు మార్లు రెండేసి మీటర్ల ఎత్తు ఎక్కి దిగితే, అతడు చేసే పని సెకనుకు సుమారు 78 జౌళ్ళు, అంటే 78 వాట్ల సామర్థ్యం. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు గనుక, ఇది అందులో పదింట ఒక వంతు. ఆరోగ్యవంతుడు పొద్దస్తమానం చేయగల శ్రమకు ఇంచుమించు ఇదే కొలత. ఇందులో సగం వృథా అయినా, 5 మీటర్ల లోతు నుండి గంటకు దాదాపు 2,800 లీటర్ల నీరు పైకి వస్తుంది. ఒక కుటుంబం కూరగాయల మడికి అది చాలు.

మదురైలో మరొక దృశ్యం ఉన్నది. తిరుమల నాయకుడు (1623–1659) త్రవ్వించిన వండియూరు తెప్పకుళంలో తైమాసపు తెప్పోత్సవంనాడు, దేవతా విగ్రహాలతో, మంటపంతో అలంకరించిన భారీ తెప్పను భక్తులు గట్టుమీద నుండి మోకులతో లాగి త్రిప్పుతారు. అంత బరువును మనుషులు లాగగలుగుతున్నారంటే కారణం వారి బాహుబలం మాత్రమే కాదు, ఆ బరువును నీరు మోస్తున్నది. చైత్రోత్సవంలో రథం సంగతీ అంతే. రథం బరువును నేల మోస్తుంది, చక్రం దొర్లుతుంది, మనిషి కదిలించే పని మాత్రమే చేస్తాడు. ఏతం త్రొక్కే మనిషి అలసట తీర్చుకొనడానికి దూలంపై ఆగితే అతని బరువును దూలం మోస్తుంది. నిలబడినందుకు నేల కూలి అడుగదు, తేలినందుకు నీరు కూలి అడుగదు. గాలి మాత్రం అడుగుతుంది. క్షణక్షణం అడుగుతుంది. హెలికాప్టరు కథ యావత్తూ ఈ ఒక్క భేదంలో ఉన్నది.

గంజి పెట్టిన వస్త్రం, గానుగ వంటి యంత్రం

పదిహేనవ శతాబ్దం చివర, 1480ల దశకంలో, ఇటలీ దేశీయుడైన లియొనార్డో డావించి గాలిలోకి మరలాగా దూసుకొనిపోయే యంత్రం బొమ్మ ఒకటి గీశాడు. ఆ వ్రాతప్రతి నేడు పారిస్‌లో భద్రంగా ఉన్నది. నార వస్త్రపు సందులు మూసుకొనేటట్లు గంజి పెట్టి, దానిని మెలిక తిరిగిన మెట్లవలె కట్టి వేగంగా త్రిప్పితే, అది గాలిని కొరుక్కొని పైకి లేస్తుందని అతని భావం. క్రింది బల్లపై నలుగురు మనుషులు నిలబడి, గానుగ త్రిప్పినట్లు చుట్టూ తిరుగుతూ దీనిని నడపాలని తరువాతివారు వ్యాఖ్యానించారు.

మన పల్లెల గానుగను ఎరిగినవారు ఈ బొమ్మలోని మొదటి దోషాన్ని ఇట్టే పట్టగలరు. గానుగ చుట్టూ తిరిగే ఎద్దు కాళ్ళు నేలను వెనుకకు నెట్టుతాయి. నేల కదలదు గనుక రోకలి తిరుగుతుంది. ఆ నేలే గాలిలో తేలుతున్న బల్ల అయితే, మనుషులు కడ్డీని ముందుకు త్రోస్తున్నపుడు వారి పాదాల క్రింద బల్ల వెనుకకు తిరుగుతుంది. న్యూటన్ మూడవ సూత్రంగా మనం తొమ్మిదవ తరగతిలో బోధించే చర్య ప్రతిచర్యల నియమం ఇదే. నేటి హెలికాప్టర్లకు తోకవద్ద చిన్న రెక్కల చక్రం అమర్చడంగానీ, ఎదురెదురు దిశలలో తిరిగే రెండు చక్రాలు పెట్టడంగానీ ఈ తిప్పుడును అణచడానికే.

రెండవ దోషం ఇంకా పెద్దది. అది బొమ్మ చూస్తే కనబడదు, లెక్క వేస్తేనే కనబడుతుంది.

ఒక చిన్న లెక్క

గాలిలో నిశ్చలంగా నిలవాలంటే, తన బరువుకు సమానమైన బలంతో గాలిని ఎడతెగక క్రిందికి నెట్టుతూ ఉండాలి. నీటికంటె గాలి ఇంచుమించు ఎనిమిది వందల రెట్లు పలుచన. కొంచెం గాలిని వేగంగా నెట్టవచ్చును, లేదా ఎక్కువ గాలిని మెల్లగా నెట్టవచ్చును. బలం రెండింటిలో సమానమైనా ఖర్చు సమానం కాదు. ద్రవ్యవేగం వేగాన్ని అనుసరించి పెరిగితే, గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కనుక ఎక్కువ గాలిని మెల్లగా నెట్టడమే లాభం. అందుకు రెక్కల చక్రం చాలా పెద్దదిగా ఉండాలి. దీనినుండి రెండు నియమాలు తేలుతాయి. చక్రపు వ్యాసం రెండింతలయితే కావలసిన సామర్థ్యం సగమవుతుంది. బరువు నాలుగింతలయితే సామర్థ్యం ఎనిమిదింతలవుతుంది.

ఉత్సాహవంతుడైన ఏ విద్యార్థి అయినా మొదట గీసే బొమ్మను ఊహిద్దాం. ఒక సైకిలు, దాని పైన 6 మీటర్ల వ్యాసంగల రెక్కల చక్రం, గొలుసుతో తొక్కుడు పలకలకు సంబంధం. మనిషి 70 కిలోలు, యంత్రం 40 కిలోలు, మొత్తం 110 కిలోలు. పై నియమాల ప్రకారం, ఏమాత్రం నష్టం లేని ఆదర్శ స్థితిలోనే ఈ యంత్రానికి సుమారు 4,300 వాట్లు, అంటే దాదాపు 6 అశ్వసామర్థ్యాలు కావాలి. నష్టాలు కలిపితే ఏడో ఎనిమిదో. మన కోయంబత్తూరు తోటలలో బావులపై కూర్చుండే 5 హెచ్‌.పి. మోటారు కూడా దీనికి చాలదన్నమాట. మనిషి రోజంతా ఇవ్వగలిగినది పదింట ఒక వంతు, మంచి తరిఫీదు పొందిన క్రీడాకారుడు ఒక్క నిమిషంపాటు ఇవ్వగలిగినది ఒక అశ్వసామర్థ్యం చుట్టుప్రక్కల. లియొనార్డో యంత్రానికి 5 మీటర్ల వ్యాసం, నలుగురు మనుషులు, అంతా కలిపి 340 కిలోలు అనుకొంటే 37 అశ్వసామర్థ్యాలకు తక్కువ కాదు.

విమానం దారి వేరు. అది ముందుకు పరుగెత్తుతూ క్షణక్షణం క్రొత్త గాలిని రెక్కల క్రిందికి తెచ్చుకొంటుంది గనుక, తక్కువ ఖర్చుతో బరువును మోయగలుగుతుంది. అమెరికాలో పాల్ మెక్రెడీ నిర్మించిన గొసమర్ కాండర్ అనే విమానాన్ని 1977 ఆగస్టు 23న బ్రయాన్ ఆలెన్ కాళ్ళతో తొక్కుతూ నిర్ణీత మార్గంలో నడిపాడు. దానికి కావలసినది అశ్వసామర్థ్యంలో సుమారు మూడవ వంతు. 1979 జూన్ 12న అతడే గొసమర్ ఆల్బట్రాస్‌పై ఇంగ్లీషు కాలువను దాటాడు. అందుచేత మానవశక్తితో విమానం నడపడం కష్టసాధ్యమే గాని అసాధ్యం కాదని లోకం ఒప్పుకొన్నది. హెలికాప్టరు విషయంలో మాత్రం పండితులు చాలామంది తల అడ్డంగా ఊపారు.

ముప్పది మూడు సంవత్సరాల పందెం

1980లో అమెరికన్ హెలికాప్టర్ సొసైటీ, ఆధునిక హెలికాప్టరుకు రూపమిచ్చిన ఇగోర్ సికోర్‌స్కీ పేర ఒక బహుమతి ప్రకటించింది. షరతులు మూడే. కేవలం మానవశక్తితో ఎగిరే హెలికాప్టరు 60 సెకన్లు గాలిలో ఉండాలి, ఆ వ్యవధిలో 3 మీటర్ల ఎత్తును అందుకోవాలి, 10 మీటర్ల చతురస్రాన్ని దాటి పోరాదు. వినడానికి పిల్లల ఆటవలె ఉన్న ఈ షరతులను నెరవేర్చడానికి ముప్పది మూడు సంవత్సరాలు పట్టింది.

1989 డిసెంబరు 10న కాలిఫోర్నియాలోని ఒక పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నిర్మించిన డావించి-3 నేలను విడిచింది. 7.1 సెకన్లు, 20 సెంటీమీటర్ల ఎత్తు, అంటే జానెడు! ఐదు శతాబ్దాల కల అంత మాత్రమే లేచింది. 1994లో జపానులోని నిహోన్ విశ్వవిద్యాలయంవారి యూరి-1, నాలుగు రెక్కల చక్రాలతో 19.46 సెకన్లు నిలిచింది. దాని ఎత్తూ జానెడే. తరువాత సుమారు పదిహేడేండ్లు ఎవరూ ముందుకు సాగలేదు. 2009లో బహుమతిని 2,50,000 డాలర్లకు పెంచారు. 2011లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు గమేరా అనే యంత్రాన్ని ఎగురవేశారు. 2012లో వారి రెండవ యంత్రం నిమిషానికి పైగా గాలిలో నిలిచింది గాని, ఎత్తు, వ్యవధి ఒకే ఎగురుటలో కలిసిరాలేదు.

చివరకు 2013 జూన్ 13న, కెనడాకు చెందిన టాడ్ రైకర్ట్, కామెరాన్ రాబర్ట్‌సన్ బృందం నిర్మించిన అట్లాస్ అనే యంత్రం ఆ మూడు షరతులనూ నెరవేర్చింది. టొరాంటో సమీపంలో ఒక లోకప్పు ఫుట్‌బాల్ మైదానంలో రైకర్ట్ స్వయంగా తొక్కాడు. 64.11 సెకన్లు, 3.3 మీటర్లు. ప్రయత్నాల నడుమ యంత్రం విరిగితే మళ్ళీ కట్టుకొని సాధించిన విజయమిది. ఆరంభంలో అతడు వెచ్చించిన సామర్థ్యం వెయ్యి వాట్లకు పైమాట.

అట్లాస్ నిర్మాణం మన నేతగాండ్ర కంటికి పరిచితంగా తోస్తుంది. నాలుగు మూలల నాలుగు రెక్కల చక్రాలు, ఒక్కొక్కటి 20 మీటర్లకు పైబడిన వ్యాసం. నడుమ ఒక పందెపు సైకిలు. ఇంత విశాలమైన యంత్రం బరువు మనిషి బరువుకంటె తక్కువ, దాదాపు 55 కిలోలు. కార్బను పోగులతో చేసిన గొట్టాలు, పలుచని పొర, లాగి కట్టిన దారాలు, అంతే. ఇనుప గొలుసు బరువు భరించలేక, కదురుకు చుట్టిన నూలువలె ప్రతి చక్రపు ఇరుసుకు దారం చుట్టారు. తొక్కేకొద్దీ ఆ దారం విడిపోతూ చక్రాన్ని త్రిప్పుతుంది. కండెలో దారం అయిపోయినపుడు ఎగరడమూ ఆగిపోవలసిందే! పైన చెప్పిన లెక్కలో ఈ కొలతలు పెట్టి చూడండి: మనిషితో కలిపి 130 కిలోలకు ఆదర్శ స్థితిలో 800 వాట్ల చిల్లర వస్తుంది. నేలకు దగ్గరగా ఎగిరేటపుడు క్రిందికి నెట్టిన గాలిని నేల అడ్డగిస్తుంది గనుక ఖర్చు ఇంకా తగ్గుతుంది. లెక్క ముందే చెప్పిన చోట విజయం దొరికింది.

దీనివలన ఏమి లాభం?

నిజం చెప్పాలంటే, రవాణాకు ఏ లాభమూ లేదు. ఆ యంత్రంపై ఎవరూ సంతకు పోరు. చిన్న గాలి వీచినా అది నిలువదు గనుక లోకప్పు క్రిందనే ఎగురవేయాలి. ఒక నిమిషం తరువాత ఎంతటి క్రీడాకారుడైనా అలసిపోతాడు. కావున ఇది పనికిరాని యంత్రమన్నవారి మాట అబద్ధం కాదు. అయితే ఆ యంత్రాలను కట్టినవారిలో అధికులు విద్యార్థులన్న సంగతి గమనించాలి. ఎంత తేలికగా కట్టినా విరగని దూలం ఎలా కట్టాలి, బరువులో ఒక్కొక్క గ్రామునూ ఎక్కడ తగ్గించాలి, మనిషి సామర్థ్యం ఎంత, అది నిమిషంలో ఎలా క్షీణిస్తుంది అనే ప్రశ్నలకు వారు పుస్తకంలో కాక చేతులతో సమాధానం కనుగొన్నారు.

ఈ విధమైన చదువు మన ప్రాంతానికి క్రొత్త కాదు. కోయంబత్తూరు జిల్లా కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు కుటుంబంలో జన్మించిన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు, అందరికీ జి.డి. నాయుడుగారు, బడి చదువు మూడవ తరగతితోనే ముగించారు. ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలు చూచి ముగ్ధులై, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొని, ఎక్కి తిరగడానికి బదులు ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించి దాని మర్మం తెలిసికొన్నారు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ఒక్క బస్సుతో రవాణా సంస్థ ప్రారంభించారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి, దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరుగన్న దానిని రూపొందించారు. 1945లో ఆర్థర్ హోప్ పేర కోయంబత్తూరులో వెలసిన సాంకేతిక విద్యాసంస్థలకు ఆయన కృషే మూలం. ఇంజనీరింగు చదువుకు అన్ని సంవత్సరాలు అక్కరలేదని, చేతిపని ముఖ్యమని వాదించి అధికారులతో విభేదించారు. 1974లో పరమపదించే వరకు ఆయన యంత్రాలను విప్పడం మానలేదు.

ఆ మోటారు ఎవరి స్థానాన్ని తీసికొన్నదో ఆలోచించండి. 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు ఉత్పత్తి ప్రారంభమై, కోయంబత్తూరు మిల్లులకు, తోటలకు వెలుగు వచ్చిన పిమ్మట, ఏతం త్రొక్కిన మనిషి దూలం దిగాడు. అతడి పదింట ఒక వంతు అశ్వసామర్థ్యానికి బదులు, అయిదు అశ్వసామర్థ్యాల మోటారు బావిపైకి వచ్చింది. యాభైమంది కూలీల పని అది ఒక్కటే చేసింది. మనిషికి ఏ పని తగును, యంత్రానికి ఏ పని తగును అన్న వివేకం అక్కడ కుదిరింది. మానవశక్తి హెలికాప్టరు అదే వివేకాన్ని ఎదురు దిశనుండి నేర్పుతుంది. తగని పనిని మనిషికి అప్పగించి, ఎంత తగదో అంకెలలో చూపుతుంది.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు

ఏ పాఠశాలలోనైనా, ఏ తరంలోనైనా, నోటు పుస్తకం చివరి పుటలో ఎగిరే సైకిలు బొమ్మ గీసే విద్యార్థి ఒకడు ఉంటాడు. అతడికి మనం సాధారణంగా రెండు సమాధానాలలో ఒకటి చెబుతాము. చదువుకోకుండా ఈ పిచ్చి గీతలేమిటని మందలిస్తాము. లేదా శభాష్ నాయనా, నీవు గొప్ప శాస్త్రవేత్తవు అవుతావని వీపు తట్టి పంపివేస్తాము. రెండింటివల్లా విద్యార్థి నేర్చుకొనేది ఏమీ లేదు. మూడవ సమాధానం ఒకటి ఉన్నది: "బాగున్నది, దీని బరువెంత? చక్రపు వ్యాసమెంత? లెక్క వేసి తీసికొనిరా." మందలింపు అతడి ఊహను చంపుతుంది, పొగడ్త దానిని గాలికి వదలుతుంది, లెక్క మాత్రం దానిని పెంచుతుంది. 6 మీటర్ల చక్రం చాలదని తనంతట తాను కనుగొన్న పిల్లవాడు, 20 మీటర్ల చక్రం తేలికగా ఎలా కట్టాలా అని ఆలోచించడం మొదలుపెడతాడు. విద్య ఆరంభమయ్యేది అక్కడనే.

ఈ లెక్క మాతృభాషలో జరగడం మరొక విశేషం. తమిళనాట తెలుగు మాధ్యమపు తరగతులు అనేక చోట్ల సన్నగిల్లుతూ వచ్చిన ఈ రోజులలో, తెలుగు పద్యానికే గాని శాస్త్రానికి పనికిరాదన్న మాట తరచు వినవస్తున్నది. ఏతం, గానుగ, కపిల, కదురు, కండె, మోకు, గంజి వంటి మాటలు మన తాతలు ఈ గడ్డపై శ్రమించి నిలుపుకొన్న యంత్రశాస్త్ర పదకోశం. ఆ మాటలు తెలిసిన పిల్లవాడికి చర్యాప్రతిచర్యలు పరాయి విషయాలు కావు, వాళ్ళ తాత చేసిన పనులే. మదురై కొలువులో వచనంగా వర్ధిల్లిన ఈ భాష వాట్లనూ వ్యాసాలనూ చెప్పలేదనడం న్యాయం కాదు. ఇంటివద్ద పెద్దలు ఆ మాటలు పలికితేనే బడిలో పిల్లలకు అవి అక్కరకు వస్తాయి.

డెబ్బది అయిదేండ్లుగా మన పాఠశాల గోడల మధ్య ఎన్నో ఎగిరే బొమ్మలు గీయబడి ఉంటాయి. వాటిలో ఎన్ని లేచాయన్నది ప్రశ్న కాదు. గీసిన ప్రతి చేతికి ఒక కొలబద్ద అందించామా అన్నదే ప్రశ్న. రాబోవు తరాలకు ఆ కొలబద్దను అందించే శక్తిని చదువులతల్లి మన ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు ప్రసాదించుగాక!